మోకాలి గోలీకి స్తోత్రం

మా ఇంట్లో దిగులుకు రెండు వైద్యాలున్నాయి. ఒకటి ప్రార్థన, రెండోది నా ఉపన్యాసం. రెండిట్లో ఏది ఎక్కువ బాధపెడుతుందో రోగిని ఎవరూ అడగలేదు.

రోగి మా అక్క. బీదర్‌లో కన్నడ బడి పంతులమ్మగా రిటైరైన ఏడాదికే మాటలు తగ్గించేసింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా ఎదురుగా నిలబడి చూసేది. విశ్వాసం సన్నగిల్లిందని చర్చి పెద్దలు తేల్చారు. గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో కందుల దలాలీ చేసే బావ, "ఇంట్ల ఊకె కూసుంటే గట్లనే అయితది" అన్నాడు. బసవకళ్యాణ్ నుంచి బగ్దల్ దాకా మూఢనమ్మకాల మీద ఎక్కడ సభ జరిగినా మైకు వదలని నేను ఊరుకుంటానా? మనసుకూ జబ్బు చేస్తుంది, దానికీ మందుంటుంది అని మూడు రోజులు వాదించి, అక్కను మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఆ వాదనలో తప్పేమీ లేదు. తప్పు డాక్టరు గదిలో మొదలైంది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అక్కను అడిగాడు. అక్క నోరు తెరిచింది. "ఏం లేవు సార్. బీపీ లేదు, షుగరు లేదు" అని నేను చెప్పేశాను. ఆడవాళ్ల మాట ఆడవాళ్లనే చెప్పనివ్వాలని నేను రాసిన వ్యాసం అప్పుడు అచ్చులో ఉంది.

డాక్టరు దిగులుకు గోలీలు రాశాడు. రెండు వారాలకు వాటి మోతాదు పెంచాడు. అక్క చేతులు వణకసాగాయి.

"తమ్మీ, పాణమంత పరేషాన్ అయితాంది. కాళ్లు బిగుసుకపోతున్నయ్."

"కొత్తల గట్లనే ఉంటది అక్కా. డాక్టర్ సాబ్ చెప్పిండు గద."

డాక్టరు చెప్పింది కాస్త వికారం గురించి, నిద్ర తేడా గురించి. ఇంకేం కనిపించినా వెంటనే తీసుకురమ్మని కూడా అన్నాడు. ఆ రెండో ముక్క నా చెవికెక్కలేదు. భక్తులు వాక్యంలో తమకు పనికొచ్చే సగమే పట్టుకుంటారని ఎన్ని సభల్లో వెక్కిరించానో!

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన బృందం ఆడవాళ్లు ఇంటికొచ్చారు. అక్క మంచం మీద ఉంది. చీర చెమటకు తడిసిపోయింది, దవడలు టకటకమంటున్నాయి. ఒక పెద్దమ్మ పాట ఆపి, ప్రార్థన చేసిన నూనె సీసా తీసింది.

"ఇది దయ్యం పనే. ప్రభువు పేరెత్తంగనే ఎట్ల వణుకుతాందో సూస్తలేరా?"

"మీ పాటకు దయ్యమైనా ఉరుకుతది పెద్దమ్మా."

"నువ్వు జర ఊకో బిడ్డా. నీ గోలీలు తిన్నంకనే గిట్లయింది."

నాకు వేదిక దొరికింది. లేచి నిలబడి మెదడు గురించి, నరాల గురించి, వేల ఏళ్ల అజ్ఞానం గురించి మొదలుపెట్టాను. ఎదురుగా మనిషి వణుకుతుంటే వణుకు మీద ఉపన్యాసమిచ్చాను. పెద్దమ్మ నూనె రాస్తూనే ఉంది. బావ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"గంజ్ల బస్తాకు గొట్టం గుచ్చి గింజ సూడంది ఎవ్వడు ధర చెప్పడు. మీరిద్దరు బస్తా ముట్టకుంటనే బేరం చేస్తున్నరు."

అప్పుడు బృందంతో వచ్చిన పాస్టరుగారి భార్య అక్క మణికట్టు మీద చెయ్యి వేసింది. ఆవిడను మేమంతా అమ్మగారు అంటాం. ప్రార్థన మొదలైందనుకొని అందరూ కళ్లు మూసుకున్నారు. నాకా అలవాటు లేదు గనక చూశాను. ఆవిడ గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతోంది. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన మనిషి.

"మోకాలి గోలీ ఇంకా తింటున్నవా అమ్మా?"

అక్క తలూపింది.

"ఏం మోకాలి గోలీ?" అన్నాడు బావ.

మా చర్చి గుమ్మం పక్కన చెక్కపెట్టె ఉంటుంది. మనవులు, కృతజ్ఞతలు చీటీ మీద రాసి అందులో వేస్తే అమ్మగారు చదివి ప్రార్థిస్తారు. దాన్ని నేను దేవుడి పోస్టాఫీసు అనేవాణ్ణి. కిందటి నెల అక్క వేసిన చీటీ ఆవిడకు గుర్తుంది. "తమ్ముడిచ్చిన గోలీతో మోకాలి నొప్పి పోయింది, రోజూ వేసుకుంటున్నాను, స్తోత్రం. తమ్ముడికి కోపం తగ్గించు ప్రభువా."

ఆ చర్చిలో నా పేరిట స్తోత్రం జరగడం అదే మొదటిసారి. ఆ గోలీలు నా నడుము నొప్పికి డాక్టరు రాసినవి. మిగిలిన అట్టను, "నాకు తగ్గింది, నీకూ తగ్గుతది" అని అక్క చేతిలో పెట్టి మరిచిపోయాను. నాకు తగ్గింది, మీకూ తగ్గుతుంది అని చర్చిలో ఎవరైనా లేచి చెబితే దాన్ని సాక్ష్యం అంటారు, నేను నవ్వుతాను. అయిపోయినప్పుడల్లా అక్క ఖాళీ అట్ట చూపించి మందుల దుకాణంలో కొత్తది కొనుక్కుంటోంది. మా ఇళ్లలో నొప్పి గోలీ చాయ్ లాంటిది, మందుల్లో జమకాదు.

"ఆటో పిలువు," అంది అమ్మగారు. "రెండు గోలీల అట్టలు పట్టుకో. నీ వాదన దవాఖాన్ల చేసుకో."

దవాఖానాలో అట్టలు బల్ల మీద పెట్టాను. రెండూ చూసిన డ్యూటీ డాక్టరు, ఈ రెండూ కలిస్తే ఇలా తిరగబడతాయని, ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదని చెప్పాడు. రెండూ ఆపేసి, సెలైన్ పెట్టి, కదలకుండా పడుకోబెట్టారు. కాళ్ల బిగువు సడలడానికి రెండు రోజులు పట్టింది. అంతసేపూ నేను చేసిన పనేమిటంటే అక్క దవడ వైపు చూడటం. మూడో రోజు చాయ్ తాగి, చక్కెర తక్కువైందని విసుక్కుంది.

వరండాలో పెద్దమ్మ, "ఆ దిగులు గోలీలు ఇంక ముట్టొద్దు" అంటోంది. మందు మంచిదే, చెప్పాల్సింది చెప్పనివ్వనిది నేను అని ఆమెతో అనడానికి నాకు ఒక్క వాక్యమే పట్టింది. నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం లేదు. బావ విన్నాడు.

"ఎరికే. ఇప్పుడు గమ్మునుండు."

కొన్ని వారాల తర్వాత వేరే మందు మొదలుపెట్టడానికి ముగ్గురం మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాం. డాక్టరు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. నా నాలుక అలవాటుగా కదిలింది.

"నువ్వు బయట కూసో తమ్మీ," అంది అక్క.

సంచిలోంచి మడతపెట్టిన చీటీ తీసింది. చర్చి పెట్టెలో వేసేదానంతే ఉంది. నేను లేచి బయటి బల్ల మీద, బావ పక్కన కూర్చున్నాను. తలుపు మూసుకుంది. లోపలి నుంచి అక్క గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. చాలాసేపు మాట్లాడింది.