వంక ఉండాది

రోడ్డు వేసేవాళ్లకు అనంతపురం సుఖమైన చోటని బయటివాళ్లు అనుకుంటారు. వాన అడ్డం రాదు, బురద ఉండదు, ఎక్కడ తవ్వినా గట్టి నేల. అది సగం నిజమే. రోడ్డు కింద కట్ట పోసేటప్పుడు ప్రతి పొర మట్టినీ తడిపి రోలరు తిప్పాలి. తడపకపోతే పైన వేసిన తారు రెండేళ్లకు కుంగిపోతుంది. ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఊళ్ల పక్కనే, మట్టికి పోసే నీళ్ల ట్యాంకర్లను నడిపించడం సిగ్గుమాలిన పని. ఆ పని నేను కొన్నాళ్లు చేశాను.

దాన్ని ఆపింది మా ప్రాజెక్టు మేనేజరు. ఆమెది గోదావరి జిల్లా, యాభై దాటిన మనిషి. టౌను చుట్టూ వేస్తున్న రింగు రోడ్డులో బుక్కరాయసముద్రం వైపు భాగం మొత్తం ఆమె చేతిలో ఉండేది. నేను ఆమె కింద డిప్యూటీని. కట్ట పని మొదలైన నెలలోనే ఆమె టౌను మురుగును శుద్ధి చేసి వదిలే నీళ్లను కట్టకు తెప్పించింది. వాసనకు కూలీలు ముక్కులు మూసుకున్నారు. "మట్టికి ముక్కు లేదు" అని ఆమె తనూ ఆ కట్ట మీదే నిలబడి రోజంతా పని చూసింది. మూడో రోజుకు ఎవరూ ముక్కు మూసుకోలేదు.

నేను చిన్న వయసు నుంచీ చర్చా వేదికల మీద పెరిగినవాణ్ని. మూఢనమ్మకం కనబడితే ఊరుకోలేను. టిప్పరు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే డ్రైవరుతో అరగంట వాదించేవాణ్ని. ఆమె అలా వాదించడం నేనెప్పుడూ చూడలేదు. "బ్రేకులు చూశావా ముందు?" అని మాత్రం అడిగేది. డ్రైవరు చూసి వచ్చేవాడు. ఆమెలో ధైర్యం చాలదని అప్పట్లో నా అంచనా.

తూర్పు కట్ట దాదాపు పూర్తయింది. ఒక్కచోట మాత్రం టిప్పర్లు అటూ ఇటూ తిరగడానికి సందు వదిలాం. వారంలో దాన్ని కూడా మూసేయాలి. ప్రారంభోత్సవానికి పైవాళ్లు రోజు కూడా చూసుకున్నారు. అప్పుడు ఒక ఉదయం గొర్రెల కాపరి ఒకాయన క్యాంపు ఆఫీసుకు వచ్చాడు. అరవై పైబడిన మనిషి, భుజం మీద కంబళి. కట్టకు ఎగువన ఆయన ఇల్లు, గొర్రెల దొడ్డి ఉన్నాయి. ఆ రెండూ మా హద్దు రాళ్లకు బయటే ఉన్నాయి కాబట్టి మా కాగితాల్లో ఆయన లేడు.

"ఆ సందు మూస్తారంట కదా సారూ?"

"మూస్తాం. ఏమి?"

"మూస్తే గంగమ్మ యాడ పోతాది?"

నాకు కావలసింది అదే. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"గంగమ్మ వస్తాదా ఆ దారిన? ఎవురు చూసినారప్పా?"

"నేను చూసినా."

"ఎట్లుండాది మనిషి?"

"ఎర్రగుండాది. నురగలు కక్కుతా వస్తాది. రొద చేస్తాది. నావి ఏడు గొర్రెల్ని ఎత్తకపోయింది."

"అదో! ఏడు గొర్రెలు అడిగిందా మీ గంగమ్మ? ఈసారి ఎన్ని అడుగుతాదంట?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీది ఏ ఊరప్పా?" అన్నాడు.

"నల్లమాడ."

"నల్లమాడోనివయ్యుండీ ఇట్ల మాట్లాడతాండావే!"

దానికి నేను ఊరుకోలేదు. దేవతల పేరు చెప్పి రోడ్లు ఆపడం గురించి, భయం గురించి, బలుల గురించి పది నిమిషాలు మాట్లాడాను. వేదిక మీద అయితే చప్పట్లు పడేవి. ఆయన కంబళి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకున్నాడు.

"సరే సామీ. మూసుకోండి. మూసేలోపల నేను మందను తోలుకొని మా పెద్దకూతురు ఊరికి పోతా. దొడ్డిని మా నాయన కట్టినాడు, వదిలేస్తా. ఇంగేం చేద్దును?"

లోపలి గదిలోంచి మేనేజరు బయటికి వచ్చింది. నా ఉపన్యాసమంతా విన్నట్టుంది. నా వైపు చూడకుండా ఆయన ఎదుట స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెద్దాయనా, ఆ గంగమ్మ ఎటునుంచి వస్తుంది?"

"గుట్ట మీద నుంచి మేడం."

"ఎటు పోతుంది?"

"చెరువుకు పోతాది."

"మధ్యలో ఏ దారిన?"

"వంకలో పోతాది. ఇంగ యాడ పోతాది? మొదట్లోనే చెప్పినా కదా మేడం మీకు, ఈడ వంక ఉండాది అని. మీరు నవ్వి పుస్తకంలో రాసుకున్నారు."

ఆమె నా వైపు తిరిగి, "వంక అంటే ఏంటి?" అని అడిగింది.

"వాగు మేడం. చిన్న వాగును ఇక్కడ వంక అంటారు."

ఆమె లేచి లోపలికి వెళ్లి పాత నోటుబుక్కు తెచ్చింది. నేను ఉద్యోగంలో చేరకముందు, రోడ్డు పడబోయే దారి పొడవునా ఆమె కాలినడకన తిరిగినప్పుడు రాసుకున్నది. ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. ఆమె చక్కటి చేతిరాతలో ఇలా ఉంది: 'ఇక్కడ స్థానికుడు ఒకరు వంక పెట్టారు. కారణం చెప్పలేదు.'

వాళ్ల వైపు వంక పెట్టడమంటే తప్పు ఎంచడం. ఆయన వాగు ఉందని చెబితే, రోడ్డును తప్పుపడుతున్నాడని ఆమె రాసుకుంది. ఆమెకు ఆ మాట పరాయిది, సరే. నాకు? ఎర్రగా, నురగలు కక్కుతూ, రొద చేస్తూ గుట్ట దిగేది ఏమిటో ఈ సీమలోనే, నల్లమాడలో పుట్టినవాడికి ఎవరైనా చెప్పాలా? మా అమ్మ కూడా వరదను గంగమ్మ అనే అంటుంది. గంగమ్మ అన్న ముక్క చెవిన పడగానే మిగతా మాటలకు నా చెవులు మూసుకున్నాయి. హేతువాదినని చెప్పుకునే నేను ఒక్క హేతువూ అడగలేదు. అన్నీ ఆమె అడిగింది. ధైర్యం గురించి నేను వేసుకున్న అంచనా ఆ స్టూలు పక్కనే కూలిపోయింది.

ముగ్గురం జీపులో సందు దగ్గరికి వెళ్లాం. చూస్తే వాగు జాడే లేదు. ఎన్నో ఏళ్లుగా నీళ్లు పారక, రైతులు దాన్ని చదును చేసి శనక్కాయ వేసుకున్నారు. డ్రోను ఫోటోల్లోనూ చేనే కనబడింది. కాపరి దొడ్డి గోడ చూపించి, "పెద్దకూతురు పుట్టిన ఏడాది గంగమ్మ ఈ మూడో వరస దాకా వచ్చినాది" అని ఒక రాయిని అరచేత్తో కొట్టాడు. ఆ రాయి మా కట్ట ఎత్తులో సగానికి వస్తుంది. సందు మూసి ఉంటే నీళ్లు వెనక్కి తన్ని, దొడ్డీ ఇల్లూ రెండూ మునుగుతాయి.

"నమ్మేశారా మేడం?" అన్నాను. అడగాలి కదా. ఆయన చెప్పినంత మాత్రాన నిజమైపోదు.

"నమ్మలేదు. తవ్వుదాం," అంది.

జేసీబీని పిలిపించి చేనుగల రైతును అడిగి మూడుచోట్ల గుంతలు తీశాం. మోకాలి లోతు వరకు ఎర్రమట్టి. దాని కింద ఇసుక. ఇసుకలో కోడిగుడ్ల లాంటి నున్నటి రాళ్లు. కాంట్రాక్టరు మేస్త్రీ ఒక రాయి చేతికి తీసుకుని, "ఇవి దొర్లిన రాళ్లే అన్నా" అన్నాడు. రాళ్లు ఊరికే గుండ్రం కావు, నీళ్లు దొర్లించాలి. అంతవరకు ఏ చర్చలోనూ నాకు అంత ముచ్చటైన సాక్ష్యం దొరకలేదు. సాక్ష్యం నాకు వ్యతిరేకంగా ఉందన్న సంగతి కూడా ఆ క్షణాన పట్టలేదు.

గుట్ట నుంచి ఎంత నీరు దిగుతుందో ఆమె ఆ సాయంత్రమే లెక్క కట్టింది. రోడ్డు కింద నీళ్లు పోవడానికి పైపు సరిపోదు, రెండు కళ్ల బాక్సు కల్వర్టు కావాలని తేలింది. అంటే ఆ సందుకు అటూ ఇటూ పోసిన కట్టను కొంత మేర విప్పాలి. ప్రారంభోత్సవం తప్పిపోతుంది.

మర్నాడు టౌనులో సమీక్ష. నేనూ వెళ్లాను. ఒక పెద్ద అధికారి చిరాకుపడ్డాడు. "వానలే లేని జిల్లాలో కల్వర్టు ఎందుకమ్మా? గొర్రెలకు సబ్‌వే కడుతున్నారా?" గదిలో నవ్వులు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, తప్పదంటే సర్వేలో లోపం జరిగిందని ఒక ముక్క రాసివ్వండి. డ్రోను మీద తోసేద్దాం," అన్నాడు.

"డ్రోనుకు తెలుగు రాదండీ," అంది ఆమె. "నాకు వచ్చు. ఆయన నాతోనే చెప్పాడు. నేను విన్లేదు. అలాగే రాశాను, చూడండి."

రిపోర్టులో మొదటి వాక్యం అదే. ఆ నోటుబుక్కు పేజీని కూడా జెరాక్సు తీసి జతపరిచింది. కల్వర్టుకు అనుమతి వచ్చింది. ఆ వెంటే ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. సంస్కరణ గురించి నేను ఎన్నో సభలు చూశాను. తన తప్పును తన చేత్తో మొదటి వాక్యంగా రాసి పైవాళ్ల ముందు పెట్టినవాళ్లను ఆ సభల్లో చూసిన గుర్తు లేదు. నేను కూడా ఎప్పుడూ అలా రాయలేదు. తోటివాళ్లు ఆమెను అమాయకురాలన్నారు. అమాయకత్వం అలా లెక్కలు కట్టి, ఫోటోలు జతపరిచి, అంకె అంకెకూ జవాబు చెప్పదు.

కల్వర్టు స్లాబు పోసి సెంట్రింగు విప్పిన రోజు ఇద్దరం ఎగువకు నడిచి వెళ్లాం. ఎండ మాడుస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కాపరి దొడ్డి దగ్గర చెమటతో తడిసి, పడిపోయిన రాళ్లు ఏరి గోడకు ఎత్తుతున్నాడు. పల్లం వైపు దొడ్డిని ఇంకా ముందుకు జరిపి పెద్దది చేస్తున్నాడు.

"కూతురి ఊరికి వెళ్లలేదా పెద్దాయనా?" అంది ఆమె.

"యాల మేడం? మీరు దోవ ఇడిచినారు కదా. వచ్చేది వస్తాది, పోయేది పోతాది."

"వాన రాకముందే దొడ్డిని పల్లంలోకి జరుపుతున్నావే. నా లెక్క తప్పైతే?"

ఆయన చేతిలోని రాయి కింద పెట్టకుండానే నవ్వాడు. "మళ్లీ వచ్చి చెప్తా. ఈసారి ఇనుకుంటావు లే." తర్వాత నా వైపు తల ఎగరేశాడు. "ఏమప్పా నల్లమాడోడా, చూస్తా నిలబడతావా? ఆ కొసన పట్టుకో, రాయి బరువుండాది."

నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని రెండో కొసన పట్టుకున్నాను.