చద్ది పండగ

పండగనాడు కూడా పాత మొగుడేనా అని వెనకటికెవత్తో మూతి తిప్పిందట. సంపూర్ణమ్మకి ఆ పాత మొగుడైనా పండగనాడు ఇంట్లో దొరికితే ఒట్టు.

ఆమె మొగుడు అబ్బులు కరెంటు లైన్‌మేన్. అమలాపురానికి దిగువన కాలవగట్టు వెంబడి ఉన్న ఊళ్ళకి అతనే దిక్కు. పండగంటే దీపాలు, దీపాలంటే కరెంటు, కరెంటంటే అబ్బులు. వినాయకచవితికి సందుకో పందిరి లేస్తుంది. పందిరికో సీరియల్ బల్బుల సెట్టు, ఆ సెట్టు కోసం తీగల మీద దొంగచాటుగా ఓ కొక్కెం. చీకటి పడేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మని ఫ్యూజు పోతుంది. దసరాకీ అదే భాగోతం. దీపావళికి ఎవడి తారాజువ్వో పోయి తీగల మీద పడుతుంది. కనుమనాడు ప్రభల తీర్థానికి దేవుణ్ణి నిలిపిన ఎత్తెత్తు వెదురు ప్రభల్ని చేలకడ్డంగా మోసుకొస్తారు, వాటికి దారివ్వడానికి తీగలు విప్పి దించాలి, అవి దాటాక మళ్ళీ కట్టాలి. శివరాత్రికి రేవు దగ్గర తెల్లవార్లూ లైట్లు, శ్రీరామనవమికి మైకులు. లోకమంతా సెలవు పుచ్చుకున్న రోజున అబ్బులు స్తంభం మీద ఉంటాడు.

పాపం అనుకుంటున్నారేమో, పూర్తిగా పాపం కూడా కాదు. అబ్బులుకి అది ఇష్టమే. తెగిన తీగ కలిపి కిందకి దిగి స్విచ్చి వేస్తే, ఊరంతా ఒక్కసారి వెలిగి పిల్లలు "కరెంటొచ్చింది" అని గోలపెట్టేవారు. ఆ గోల వింటే అతనికి నెయ్యి పోసుకుని బూరె తిన్నట్టుండేది. "అబ్బులు గారుండగా మనకేంటండి" అని పెద్దవాళ్ళంటే ఇంకాస్త పొంగేవాడు. అతని కింద పనిచేసే బుల్లియ్య ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా.

"ఈ దీపావళికి మీరు ఇంటికెల్లండి. నేను చూసుకుంటానండి."

"నీ వల్ల కాదులేరా" అనేశాడు అబ్బులు. ఆ ముక్క తర్వాత అతన్ని చాలా కాల్చింది.

మరి ఇంట్లో పండగ సంగతేంటి? దానికి సంపూర్ణమ్మ ఓ దారి కనిపెట్టింది. వాళ్ళింట్లో పండగ మర్నాడు. ఊరందరూ పత్రితో పూజలు చేసుకుంటుంటే వీళ్ళ మట్టి వినాయకుడు తుండుగుడ్డ కప్పుకుని పీట మీద అబ్బులు కోసం కూర్చునేవాడు. దీపావళినాడు వీధంతా వెలుగుతుంటే వీళ్ళ అరుగు మీద ప్రమిదలు వత్తులేసి అలాగే ఉండేవి. మర్నాటి సాయంత్రం, అందరూ వాకిళ్ళలో కాలిన కాగితాలు ఊడ్చుకుంటున్న వేళ, అబ్బులు అగ్గిపుల్ల గీసేవాడు. మొదటి దీపం అతనే వెలిగించాలి. అది సంపూర్ణమ్మ పట్టు. కూతురు సత్యశ్రీ కాకరపువ్వొత్తి పట్టుకుని వీధి మొత్తానికి ఒక్కతే గంతులేసేది.

పక్కింటి రత్నమాణిక్యం గారు పెద్దావిడ, ఆచారం మనిషి, నోరు కూడా కాస్త పెద్దదే.

"ఇదేం విడ్డూరమే అమ్మాయ్. పండగని కూడా చద్దన్నంలా దాచుకు తింటారా?" అని బుగ్గలు నొక్కుకుంది.

"చద్దన్నం ఒంటికి చలవండి పిన్నిగారూ" అని నవ్వేసింది సంపూర్ణమ్మ. అప్పట్నించి ఆ వీధిలో దానికి చద్ది పండగ అని పేరు పడిపోయింది.

తుఫాను వచ్చిన ఏడు, అంటే తొంభై ఆరులో, వినాయకచవితి ముందురోజు తలంటుకుంటుంటే సంపూర్ణమ్మ చేతికి కుడి రొమ్ములో గోలీకాయంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమేంటి అనుకుంది. అయినా మళ్ళీ తడిమి చూసుకుంది. మొగుడికి చెబుదామంటే అతను పందిళ్ళ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పండగ వెళ్ళాక చెప్పొచ్చులే అనుకుంది. అక్కడే కొంప మునిగింది. పండగల్ని దాచి దాచి అలవాటు పడ్డ మనిషి, రోగాన్ని కూడా మర్నాటికి దాచింది.

దసరాల్లో ఓ రోజు అన్నం పెడుతూ నోరు విప్పింది.

"ఏవండీ, మీతో ఓ మాట."

"చెప్పు" అన్నాడు అబ్బులు. అంతలోనే వాకిట్లో సైకిలాగింది. అమ్మవారి పందిట్లో కరెంటు పోయిందట. "వచ్చి వింటాను" అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. వచ్చాక అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. దీపావళి కూడా వెళ్ళనీ అనుకుంది.

దీపావళి ఇంకా రాకుండానే తుఫాను వచ్చింది. ఆ గాలి గురించి కోనసీమ వాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు చేలల్లో పడుకున్నాయి. ఎన్నో ఇళ్ళలో మనుషులే లేకుండా పోయారు. ఆ దీపావళికి ఏ గుమ్మంలోనూ దీపం లేదు. అబ్బులు ఇంటి మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఒక మధ్యాహ్నం మోకాళ్ళదాకా బురదతో వచ్చి, కాస్త అన్నం పెట్టమన్నాడు. సంపూర్ణమ్మ దగ్గర కూర్చుని విసురుతూ, ఎదురుగా చూడలేక తలొంచుకుని మొదలెట్టింది.

"ఏవండీ, నాకు ఇక్కడ ఏదో గట్టిగా..."

తలెత్తేసరికి అతను గోడకి జారబడి నిద్రపోతున్నాడు. ముద్ద చేతిలోనే ఉంది. ఆవిడ ఆ ముద్ద తీసి కంచంలో వేసి, తడిగుడ్డతో అతని చెయ్యి తుడిచింది. ఊరూరా ఏడుపులు వినిపిస్తుంటే నా గోలీకాయ ఓ లెక్కా అనుకుంది పిచ్చితల్లి.

ఊరికి మళ్ళీ కరెంటు వచ్చిన రోజున ఆడవాళ్ళు లైన్‌మేన్లకి హారతులిచ్చారు. ఆ వెంటనే సంక్రాంతి. కనుమనాడు అబ్బులు స్తంభం మీద తీగ పట్టుకుని ఉండగా ప్రభ కింద నించి ఊగుతూ సాగిపోయింది. చేను గట్టు మీద సంపూర్ణమ్మ అన్నం క్యారేజీతో నిలబడి పైకి చూసి చెయ్యి ఊపింది. ఎడమచెయ్యి. క్యారేజీ కింద పెట్టేసి, ఖాళీగా ఉన్న కుడిచెయ్యి దించుకుని, ఎడమచేత్తో ఊపింది. అబ్బులు చూశాడు, చూసి నవ్వాడు, ఇంకేమీ అనుకోలేదు. తీర్థం అయ్యాక శివరాత్రి వచ్చింది.

చివరికి బయటపడింది చద్ది ఉగాదినాడే. ఆ రోజు అతను ఇంట్లో ఉన్నాడు గనక. పచ్చట్లోకి వేపపువ్వు కోసం సంపూర్ణమ్మ పెరట్లో కొమ్మ అందుకోబోయింది. చెయ్యి భుజం దాటి లేవలేదు. పళ్ళు బిగబట్టి గోడకానుకుంది.

"ఏంటది? చెయ్యి వాచిందేంటి?" అంటూ అబ్బులు లేచి వచ్చాడు. అప్పుడు చెప్పింది.

కాకినాడలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గారు చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఎన్నాళ్ళ నించమ్మా ఇది?"

"వినాయకచవితి నించండి."

ఆవిడ రాస్తున్న కలం ఆగిపోయింది. "ఇప్పుడు ఉగాది కూడా వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

సంపూర్ణమ్మ తప్పుచేసిన పిల్లలా తల దించుకుంది. "వరసగా పండగలొచ్చాయండి" అంది.

డాక్టరమ్మ గారికి ఆ మాట అర్థం కాలేదు. పక్కన నిలబడ్డ అబ్బులుకి అర్థమైంది. వచ్చి వింటానని చెప్పి వినకుండా వదిలేసిన మాట ఏమిటో ఇప్పుడు తెలిసింది. వరండాలోకి వెళ్ళి, జనం చూస్తున్నారన్న జ్ఞానం కూడా లేకుండా ఏడ్చాడు.

ఆపరేషన్ చేశారు. తర్వాత విశాఖపట్నంలో మందులెక్కించి, కరెంటు పెట్టించారు, రేడియేషన్‌ని మన వైపు అలాగే అంటారు. "ఊరందరికీ ఇచ్చారు, ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది" అంది సంపూర్ణమ్మ మంచం మీద నించి. నవ్వించాలనే అంది గానీ అబ్బులుకి నవ్వు రాలేదు. సెలవు మీద సెలవు పెట్టి ఆవిడ దగ్గరే కూర్చున్నాడు. జుట్టంతా ఊడిపోయిన ఆ తల నిమురుతూ ఓ రోజు అన్నాడు.

"ఈసారి వినాయకచవితి చవితినాడే చేద్దాం సంపూర్ణా. నేను గుమ్మం దాటను."

"చూద్దాం లెండి. ఊరు మిమ్మల్ని వదలాలి కదా."

"ఊరు చీకట్లో ఉండనీ."

ఆ మాట కోసమే ఇన్నేళ్ళూ కాచుకున్నట్టు ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. ఆ రోజునించీ ఒకటే ధ్యాస. ఉండ్రాళ్ళకి బియ్యప్పిండి ఎలా జల్లించాలో, పత్రి ఏ గట్టు మీద దొరుకుతుందో కూతురికి చెబుతూ ఉండేది. పండగని పండగనాడు ఒక్కసారి చేసుకోవాలి, అంతకంటే ఏమీ అడగలేదు. అదీ దక్కలేదు. చవితి ఇంకా వారం ఉందనగా పోయింది.

"పసుపు కుంకాలతో పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు పరామర్శకి వచ్చిన వాళ్ళు. ఏం అదృష్టమో ఆ దేవుడికే తెలియాలి. మనిషి పోయిన ఇంట్లో ఏడాదిదాకా ఏ పండగా చెయ్యకూడదు కాబట్టి ఆ చవితీ, ఆ దసరా, చద్దివి కూడా లేకుండానే వెళ్ళిపోయాయి.

దీపావళి వచ్చింది. ఆఫీసులో పై అధికారి ఏ.ఈ. గారు అబ్బులుని పిలిచి, "ఇవాళ నీకు ఆఫ్ ఇస్తున్నాను. పిల్ల దగ్గరుండు. బుల్లియ్య చూసుకుంటాడులే" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అడిగి ఉంటే ఏ ఏడైనా ఇచ్చేవారేమో. అబ్బులు ఎప్పుడడిగాడు గనక.

అలా ఆ ఇంటి యజమాని మొట్టమొదటిసారి దీపావళినాడు ఇంట్లో ఉన్నాడు, ఇంట్లో దీపావళి లేదు. గుమ్మంలో ముగ్గు లేదు, అరుగు మీద ప్రమిద లేదు. సత్యశ్రీ కిటికీ ఊచలు పట్టుకుని వీధి చూస్తోంది. దీపాల వేళ దాటాక కరెంటు పోయింది. అబ్బులు కాళ్ళు వాటంతటవే లేచాయి. సైకిలు దాకా వెళ్ళి ఆగాడు. చీకట్లో గుమ్మం దగ్గర, తన పెళ్ళాం కూర్చునే చోట, కూలబడ్డాడు. కాసేపటికి బల్బులు వెలిగాయి. "కరెంటొచ్చింది" అని పిల్లలు గోలపెట్టారు. స్తంభం కింద నిలబడి విన్న గోలే, ఇంట్లోంచి ఎలా ఉంటుందో అతనికి ఇదే మొదటిసారి. ఆ గోలలో ప్రతి ఏడూ ఈ గుమ్మంలో ఒక్కతీ కూర్చుని, వెలిగించని ప్రమిదల్ని చూసుకుంటూ ఉండేది సంపూర్ణమ్మ. పైగా, కరెంటు ఆ బుల్లియ్యే ఇచ్చాడు. బాగానే ఇచ్చాడు.

మర్నాడు పొద్దువాలాక వీధిలో అందరూ కాగితాలు ఊడ్చుకుంటున్నారు. సత్యశ్రీ అటక మీది బుట్ట దింపి, ప్రమిదలు కడిగి పళ్ళెంలో పెట్టుకుని అరుగు మీదకి వచ్చింది. వత్తులు కూడా చేసింది. వంకరటింకర వత్తులు.

"ఏడాది వెళ్ళేదాకా పండగ చెయ్యకూడదమ్మా" అన్నాడు అబ్బులు.

"ఇవాళ పండగ కాదుగా నాన్నా. నిన్ననే అయిపోయింది."

పక్క అరుగు మీద చీపురు పట్టుకుని రత్నమాణిక్యం గారు అంతా వింటోంది. ఆచారం మనిషి కదా, ఇప్పుడు వీధి ఎగిరిపోయేలా అరుస్తుందని అబ్బులు అటు చూశాడు. ఆవిడ చీపురు వదిలేసి లోపలికి వెళ్ళి నూనెగిన్నె తెచ్చింది. పళ్ళెం పక్కన పెట్టి, "పెట్టనీ అబ్బులూ. ఇవాళ ఏ పండగా కాదు. చద్దిదానికి మైలేంటి" అంది.

ప్రమిదలన్నిటిలో నూనె పోశారు. అబ్బులు అగ్గిపెట్టె పుచ్చుకుని కూర్చున్నాడు. చీకటి చిక్కబడింది. అతను పుల్ల తియ్యలేదు. వీధి మలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"వెలిగించు నాన్నా."

"ఉండమ్మా, కాసేపాగుదాం."

"ఎవరికోసం?" అంది సత్యశ్రీ. "అమ్మ నీకోసమేగా ఆగేది. నువ్వొచ్చేశావుగా."

అబ్బులు అగ్గిపుల్ల గీశాడు. గాలికి అది ఆరిపోయింది. కూతురు రెండు చేతులూ అడ్డం పెట్టింది. అతను ఇంకో పుల్ల గీశాడు.