కారు పాటల పెట్టెలో మా నాయన కేక

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఫలానా వాగు దగ్గరికి పొద్దుగూకాక పోవద్దని మా అవ్వ చెబితే పనిగట్టుకుని పోయి వచ్చేదాన్ని. మందతో కొండవాలున పడుకున్న రాత్రులకు లెక్క లేదు. తోడేలును చూశాను, పామును తొక్కబోయి తప్పించుకున్నాను, దెయ్యం మాత్రం ఒక్కటీ కనపడలేదు. కాబట్టి ఇది చదివి నాకు పిరికి పట్టిందనుకోకండి. నాకు పట్టింది కోపం. మూడేళ్ళయినా దిగలేదు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. మాట కూడా ఎక్కువ. ఎక్కడన్నా దారి తప్పితే సర్దుకోండి.

మాది మార్కాపురం నుంచి కంభం పోయే రోడ్డు పక్కన పల్లె. ఇంట్లో నాయన, అమ్మ, నేను. అరవై మూడు గొర్రెలు. నాయనకు ఒక తమ్ముడు, అంటే మా చిన్నాయన, పలకల గనిలో రాయి తీసే పనికి పోతాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళకు ఆ గని కూలే గతి. ఆ గని మార్కాపురం షావుకారిది. ఆయన పేరు రాయను. రాస్తే మళ్ళీ పంచాయితీ, మళ్ళీ మా అమ్మను మునసబు అరుగు కింద నిలబెట్టడం.

ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. షావుకారు నల్ల కారు కొన్నాడు. కారుకన్నా అందులో పాటల పెట్టె గొప్పదని చెప్పుకునేవాళ్ళు. మద్రాసులో ఎవరో సీమ నుంచి, అంటే తెల్లదొరల దేశం నుంచి, తెప్పించి ఇచ్చారట. స్టీరింగు పక్కన కిందుగా బిగించిన చిన్న ఇనుప పెట్టె. పోస్టు డబ్బాకు ఉన్నట్టు అడ్డంగా ఒక సందు. జానెడు కూడా లేని రికార్డు, నడుమ పెద్ద బెజ్జం ఉన్నది, ఆ సందులో తోస్తే మింగేసి పాడుతుంది. పాట అయిపోతే బయటికి తోసేస్తుంది. కారు గుంతల్లో ఎగిరినా పాట సాగుతూనే ఉండేది. మొదట ఊళ్ళోకి వచ్చినప్పుడు నేను కూడా కారు వెంట పరిగెత్తాను. అబద్ధం ఎందుకు, ముచ్చటేసింది.

దానితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఒక రికార్డుకు ఒకటే పాట. వక్కాకు నమిలేలోపు అయిపోతుంది. వెంటనే ఇంకోటి తోయాలి. షావుకారు కారు తనే నడిపేవాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి పక్క సీటు మీది రికార్డుల సంచిలో. ఇది ఊరందరూ చూసిందే. గుర్తు పెట్టుకోండి, ఊరందరూ చూసిందే.

ఆ రోజు పొద్దున జొన్న కోసిన చేలలో మేపుదామని మందను రోడ్డు దాటిస్తున్నాం. నేను ముందుగా దాటి అవతలి గట్టు మీద నిలబడ్డాను. నాయన వెనక ఉన్నాడు. చూడి గొర్రె ఒకటి కుంటుతూ వెనకబడితే దాని నడుం మీద చెయ్యి వేసి తోస్తున్నాడు. మార్కాపురం వైపు నుంచి ముందు పాట వినపడింది, తర్వాత కారు కనపడింది. పాట ఆగిపోయింది. షావుకారు తల కిందికి వంగింది. అద్దంలో నుంచి టోపీ పైభాగం కనపడింది, మొహం లేదు. నేను అరిచాను. ఆ తల లేవలేదు. నాయన గొర్రెను గట్టు మీదికి ఒక్క తోపు తోశాడు. తాను ఎక్కలేకపోయాడు.

కారు చాలా దూరం పోయి ఆగింది. లోపల కొత్త పాట మొదలైంది.

ఇంతకుమించి ఆ పొద్దు గురించి రాయలేను.

మూడో రోజుకల్లా ఊళ్ళో మాట మారిపోయింది. మా నాయన పొద్దున్నే కల్లు తాగి రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాడట. చూసుకోక పోనిచ్చాడట షావుకారు. మా నాయనకు కల్లు వాసన తగిలితే కడుపులో తిప్పేది. జాతరలో అందరూ తాగుతుంటే దూరంగా గొర్రెల్లో కూర్చునేవాడు. ఇది కూడా ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. నాయన పెద్దదినం కర్మ అయిన మర్నాడు గ్రామ మునసబు మమ్మల్ని తన ఇంటికి పిలిపించాడు. స్టేషనుకు పంపే కాగితం రాసి పెట్టానని, అమ్మ వేలిముద్ర ఒక్కటే తక్కువని అన్నాడు. పైకి చదివాడు. తాగి పడి ఉన్నాడనే రాసి ఉంది.

ఇక్కడ మా గొర్రెల సంగతి ఒకటి చెప్పాలి. గొర్రెలు కాసే ప్రతి మనిషికీ ఒక కేక ఉంటుంది. మాట కాదు, ఆ మనిషికే చెందిన కూత. మా నాయనకు ముందు పన్ను ఒకటి లేదు. నాలుక ఆడించి "ట్ర్ర్ర్" అని మొదలుపెట్టి "హో" అనేసరికి ఆ సందులోంచి సన్నగా ఈల వచ్చేది. ఆ ఈల వినపడితే మా మంద ఎక్కడున్నా మేత వదిలి వచ్చేది. పక్క దొడ్డిలో మందలు చెవి కూడా ఆడించవు. వాటి మనిషి వేరు, వాటి కూత వేరు. నాయన పోయాక చిన్నాయన పిలిచాడు, నేను పిలిచాను. పన్ను సందు నాకు లేదు కదా, వేలు పెట్టుకుని ఈల వేసి చూశాను. ఒక్కటీ రాలేదు. అన్ని రోజులూ కర్రతో తోలుకుని పోయాం.

మునసబు ఇంటి ముందు ఆ రోజు ఊరి మగవాళ్ళు ముప్పై మందికి తక్కువ లేరు. ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. షావుకారు కారు వేపచెట్టు కింద ఆపి ఉంది. ఉక్కపోతకు రెండు తలుపులూ తీసి పెట్టారు. ఇంజిను ఆపేశారు. తాళంచెవి షావుకారు వేలికి తిరుగుతూ ఉంది. అది చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

"తాగలేదు మామా," అన్నాను మునసబుతో. "రికార్డు మారుస్తా తల వంచినాడు. నేను గట్టు మీద నుంచి చూసినా."

"గట్టు మీద ఉండే దానివి, కార్లో ఏం జరిగిందో నీకెట్ల కనపడె?"

"కారుకు అద్దం ఎందుకు పెట్టినారు? ఆయనకు రోడ్డు కనపడకపోయినా నాకు ఆయన కనపడినాడు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. "దాని నోటికి గడియ లేదు. ఒకటి అడిగితే పది చెబుతాది."

షావుకారు మెత్తగా అన్నాడు. "మీ నాయనంటే నాకూ మర్యాదే అమ్మీ. అలవాటు లేకపోవచ్చు. ఆ పొద్దు ఎవరన్నా పోసినారేమో."

చిన్నాయన వైపు చూశాను. కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు.

మునసబు అమ్మ బొటనవేలికి సిరా పూశాడు. అమ్మ చెయ్యి కాగితం మీదికి పోతూ ఉంది.

అప్పుడు కారులో గరగరమంది. ముల్లు రికార్డు మీద మోపితే మొదట వచ్చే చప్పుడు. అందరం విన్నాం. దాని వెనకే "ట్ర్ర్ర్" అని, ఆ తర్వాత "హో" అని, నడుమ ఆ ఈల.

ఎవడో ఆట పట్టిస్తున్నాడని మొదట అనుకున్నాను. తిరిగి చూస్తే కారులో ఎవరూ లేరు. వెనక సీటులో లేరు, కింద లేరు. మునసబు సిరాబుడ్డి పక్కన పెట్టాడు. షావుకారు లేచి కారు దగ్గరికి పోయి ఆ పెట్టె మీద రెండు దెబ్బలు వేశాడు. రికార్డు ఇరుక్కుని ఉందేమోనని సందులో వేళ్ళు పెట్టి తడిమాడు. "ఏమీ లేదే," అన్నాడు. ఆయన వేళ్ళు ఇంకా లోపల ఉండగానే అది రెండోసారి పిలిచింది. ఈసారి గట్టిగా. ఆయన చెయ్యి లాక్కుని వెనక్కి వచ్చి వేపచెట్టుకు తగిలాడు.

అప్పుడు గిట్టల చప్పుడు. మా దొడ్డి అక్కడికి ఒక ఫర్లాంగు ఉంటుంది. వాకిలికి ముళ్ళకంప అడ్డం వేసి, పైన బండ పెట్టి వచ్చాను. ఆ కంపను తోసుకుని వచ్చాయి. తర్వాత పోయి చూస్తే ముళ్ళకు బొచ్చు కుచ్చులు కుచ్చులుగా తగులుకుని ఉంది, రెండు గొర్రెలకు మెడ దగ్గర గీరుకుపోయి నెత్తురు. పక్క దొడ్డిలోని మంద, మధ్యలో ఒక్క రాతిగోడే అడ్డం, కదలలేదు. ఆ దొడ్డి వాళ్ళ అవ్వ అక్కడే కూర్చుని ఉంది, ఆమెనే అడిగాను.

మా మంద జనంలోంచి దూరి పోయి కారు చుట్టూ నిలబడింది. అరవకుండా నిలబడింది. చూడి గొర్రె ముందు కాళ్ళు కారులో పెట్టి ఆ సందుకు మూతి ఆనించింది. వాటిని నేను లెక్కపెట్టాను. నాకు అదొక అలవాటు. అరవై మూడూ ఉన్నాయి.

ఇప్పుడు నా కోపం ఎందుకో చెబుతాను.

ముందుగా తేరుకున్నది ఊరి పెద్ద ఒకాయన. చేతులు జోడించి, "సచ్చినోడు వచ్చినాడు నాయనా, కారుకు పట్టినాడు," అన్నాడు. అంతే, ఊరికి మాట వచ్చేసింది. ఒకడు వేపమండలు విరిచాడు. ఒకడు నిమ్మకాయల కోసం ఇంటికి పరిగెత్తాడు. బేస్తవారిపేటలో దెయ్యాలను దింపే ఆయన ఉన్నాడని ఒకరు, చంద్రశేఖరపురం వైపు ఇంకా గట్టివాడు ఉన్నాడని ఒకరు. ముప్పై మందిలో ఒక్కడు కూడా అది నాయన గొంతు కాదనలేదు. ఒక్కడు కూడా ఆ కాగితం చించమనలేదు.

నాకు ఆగలేదు. "దెయ్యాన్ని నమ్మితిరి," అని అరిచాను. "కళ్ళతో చూసి చెబుతాంటే నన్ను నమ్మకపోతిరి. దెయ్యమైనాడు కదా, ఎట్ల సచ్చి దెయ్యమైనాడో అడగరేంది? తాగి పడుండేవాడు గొర్రెను గట్టెక్కించి పోతాడా?"

"ఊరుకో అమ్మీ," అన్నాడు మునసబు. "శాంతి చేయిద్దాం. ఈరమ్మా, నువ్వు ముందు ముద్ర వెయ్యి. సిరా ఆరిపోతాది."

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గొర్రెలను మోకాళ్ళతో పక్కకు జరుపుకుంటూ కారు దగ్గరికి పోయింది. తెల్లటి సీటు గుడ్డ మీద, షావుకారు కూర్చునే చోట, బొటనవేలు పెట్టి గట్టిగా ఒత్తింది.

"ముద్ర కావాలంటివి కదన్నా, ఏసినా," అంది మునసబుతో. "తీసుకోపోయి స్టేషన్లో చూపించు."

తర్వాత మందను తోలుకుని ఇంటికి వచ్చాం. ఆ రోజు కర్ర ఎత్తవలసిన పని పడలేదు, అమ్మ ముందు నడిస్తే వెనకే వచ్చాయి. పెట్టె మళ్ళీ పలకలేదు.

వారం తర్వాత ఆ కాగితం స్టేషనుకు పోయింది. అమ్మ ముద్ర లేదు. చిన్నాయన ముద్ర ఉంది. గనిలో పని పోతుందని భయపడ్డాడట. "నా పిల్లల మొహం చూసి ఏసినా వదినా," అని గడపలో కూర్చుని ఏడ్చాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి పంపింది. నేను ఇవ్వను. ఇప్పటికీ ఆయనతో మాట లేదు.

పాటల పెట్టెను ఊడబెరికి పారేశారని విన్నాను, ఎక్కడో నేను చూడలేదు. కారు అమ్మేశారు.

నేను ఊరుకోలేదు. గిద్దలూరులో రేడియోలు బాగుచేసే ఒకాయన ఉంటే పోయి అడిగాను. అట్లాంటి పెట్టె ఒక్కోసారి రికార్డు లేకపోయినా గాలిలో పోయే రేడియో మాటలు పట్టుకోవచ్చని, అదీ కరెంటు ఉంటేనే అని చెప్పాడు. ఇంజిను ఆపి ఉందన్నాను. అయినా పలకవచ్చేమో అన్నాడు. మరి రేడియోలో మా నాయన చేత కేక ఎవరు పెట్టించారన్నాను. ఆయన పని చూసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరన్నా అనుకరించారేమో అని మా మేనత్త కొడుకు అంటాడు. గొర్రెలు నా ఈలకు మోసపోలేదు, ఇంకొకడి అనుకరణకు పోతాయా? పైగా ఎక్కడ నిలబడి అనుకరించాలి, షావుకారి వేళ్ళ సందులోనా?

ఊళ్ళో ఇప్పుడు ఈ కథ బాగా చెబుతారు. చుట్టాలు వస్తే కూర్చోబెట్టి చెబుతారు. కేక ఎట్లా వచ్చిందో, గొర్రెలు ఎట్లా వచ్చాయో చేతులు తిప్పి చెబుతారు. కాగితంలో ఏం రాశారో మాత్రం ఒక్కరూ చెప్పరు. నేను పక్కన ఉండి అందుకుంటే లేచి పోతారు.

రికార్డు లేని పెట్టె ఎట్లా పలికిందని నన్ను అడగొద్దు. నాకు తెలియదు, తెలుస్తుందనే ఆశ కూడా లేదు. అమ్మ వేలు ఆ కాగితానికి తగలబోయే వేళకే ఎందుకు పలికిందో అడగండి, చెబుతాను.