లెక్కల బాట మాస్టారు

పొద్దున్నే మాస్టారి భార్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మాస్టారు వెళ్ళిపోయారు. నిద్రలోనే" అన్నారు. నందిగామలో మా ఇంటర్నెట్ సెంటరు అప్పుడే తెరుస్తున్నాను. ఎత్తిన షట్టరు దించేసి జగ్గయ్యపేట బస్సెక్కాను. చిల్లకల్లు దాటేదాకా ఒకటే మాట మనసులో తిరిగింది: ఆయన పేరును ఇంటర్నెట్లోకి తోసింది నేనే.

ఆయన జగ్గయ్యపేటలో హైస్కూలు లెక్కల మాస్టారు. తొంభైల మొదట్లో, ట్యూషన్‌కి రాలేని పల్లెటూరి పిల్లల కోసం వారానికొక కాగితం తయారు చేసేవారు. స్టెన్సిల్ మీద తనే చేత్తో రాసి, సైక్లోస్టైల్ మీద కాపీలు తీయించి, చుట్టుపక్కల ఊళ్ళకు పోస్టులో పంపేవారు. పైన ‘లెక్కల బాట’ అని పేరు, తేదీ. కింద పది లెక్కలు. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. మేం చేసి తిప్పి పంపితే ఎర్రసిరాతో దిద్ది మళ్ళీ పంపేవారు. తప్పు లెక్క మీద ఎప్పుడూ అడ్డంగా గీత కొట్టలేదు. దారి తప్పిన చోట చిన్న సున్నా చుట్టేవారు, అంతే.

ఒకసారి నా జవాబు సరిగ్గా వచ్చినా మార్కు వెయ్యలేదు. వెళ్ళి అడిగాను. "జవాబు ఎవరైనా చెబుతారమ్మాయ్. ఏ మెట్లు ఎక్కి వచ్చావో అది చూపించు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

రెండు వేల సంవత్సరం దాటాక నాలుగు కంప్యూటర్లతో సెంటరు పెట్టాను. అప్పటికి రిటైరైన మాస్టారిని బతిమాలి, కొత్తగా లెక్కలు రాయించి, అదే పేరుతో సైటు తయారు చేశాను.

"పోస్టు బాగానే ఉందిగా, ఇదెందుకు?" అన్నారు.

"పోస్టు చేరని ఊళ్ళకి కూడా చేరుద్ది మాస్టారూ."

"అంటే ఎవరింటికి పోతుందో మనకి తెలియదన్నమాట."

నేను నవ్వాను. ఆ మాటకి నవ్వి ఉండాల్సింది కాదు.

రెండేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాతి ఏడాది టెన్త్ పరీక్షలకు ముందు మాస్టారి ఇంటికి వింత ఫోన్లు మొదలయ్యాయి. "సార్, రేపటి పేపరు ఎప్పుడు పెడతారండి?" అని ఎవరో గొంతు తగ్గించి అడిగేవారు. ఫోన్ పెట్టేస్తే ఇంకొకరు. నంబరు మా సైటులోదే. నేను వెతికితే సంగతి బయటపడింది. హైదరాబాదులో ఎవరో ఒక సైటు నడుపుతున్నారు. ఇంగ్లీషు స్పెల్లింగులో మా పేరుకి మధ్యలో ఒక ‘ఏ’ ఎక్కువ, అంతే తేడా. ‘తప్పకుండా వచ్చే ప్రశ్నలు’ అని మొదటి పేజీలోనే అమ్ముతున్నారు.

పేరు మార్చుకోమని వాళ్ళకి రాశాం. జవాబుగా లాయరు నోటీసు వచ్చింది. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా తామే రిజిస్టర్ చేయించుకున్నారట, మేమే కాపీ కొట్టామట, పదిహేను రోజుల్లో మా సైటు తీసెయ్యాలట. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టారు.

"నా పేరుకి నేనే దొంగనయ్యానన్నమాట" అన్నారు.

ఫలితాలు వచ్చిన వారానికి చందర్లపాడు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ప్రింటు తీసిన కాగితాలు చూపించాడు.

"ఇయ్యేగా మీరు పెట్టిన ప్రశ్నలు? మా పిల్ల ఇయ్యే చదివింది. ఒక్కటీ రాలా. లెక్కల్లో పోయింది."

"అది నా సైటు కాదయ్యా. పేరు ఒకలాగే ఉంది గానీ..."

"పేరు చూసేగా చదివించింది! మా బావమరిది చిన్నప్పుడు మీ దగ్గర దిద్దించుకున్నోడే. మాస్టారు పెట్టిందైతే కళ్ళు మూసుకుని నమ్మొచ్చన్నాడు."

"పిల్లని పంపించు, సప్లిమెంటరీకి నేను చెబుతా" అన్నారు మాస్టారు.

"మళ్ళీ మీ దగ్గరికా?" అని ఆయన కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు మాస్టారే "కోర్టుకి వెళదాం" అన్నారు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, వాళ్ళకంటే ముందునుంచి ఆ పేరు వాడుతున్నట్టు చూపిస్తే చాలని విజయవాడ లాయరు చెప్పాడు. చూపించడానికి మాస్టారి దగ్గర ఒక్క పాత కాగితం లేదు, అన్నీ పిల్లలకే ఇచ్చేశారు. నావి నేను ఎప్పుడో పోగొట్టుకున్నాను. ఊరూరా తిరిగితే వత్సవాయిలో పత్తి వేసే ఒకాయన ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ పాత కాగితాల కట్ట తీశాడు. కవర్ల మీద పోస్టు ముద్రలు, లోపల ఎర్రసిరా.

"ఇంటరు తప్పి పొలంలో దిగానండి. అయినా ఇవి పారెయ్యబుద్ధి కాలా" అన్నాడు.

మూడేళ్ళకి తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆ పేరు వాళ్ళు వాడకూడదు. నెల తిరక్కుండా అదే సైటు ఇంకో అక్షరం మార్చుకుని మళ్ళీ లేచింది. రెండు రోజులు దాచి, మూడో రోజు మాస్టారికి చూపించాను. ఆయన స్క్రీన్ వంక చాలాసేపు చూశారు.

"మూసెయ్ అమ్మాయ్."

"వాళ్ళది మూయించాలంటే మళ్ళీ కేసు..."

"వాళ్ళది కాదు, మనది."

"గెలిచాం కదండీ!"

"పేరు నాదని జడ్జిగారు ఒప్పుకున్నారు. చందర్లపాడాయన ఒప్పుకోలేదుగా."

ఆ తర్వాత కూడా ఇంటికొచ్చిన పిల్లలకి లెక్కలు రాసిచ్చారు, పైన పేరు లేకుండా. నన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. ఉండబట్టలేక ఒకసారి క్షమించమని అడిగాను. "నీ మెట్టు సరైందేనమ్మా. లెక్క ఇచ్చినవాళ్ళే తప్పుగా ఇచ్చారు" అన్నారు.

సైటు మూసిన వారం ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. పంచె ఎగ్గట్టి, స్టూలెక్కి, ఇంటి ముందు గోడ మీద నీలం రంగుతో ఎప్పుడో రాయించుకున్న ‘లెక్కల బాట’ అనే పేరుకి తనే సున్నం కొడుతున్నారు. ఎండకి సున్నం ఆరేకొద్దీ పేరు కనబడకుండా పోయింది. సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరం ఎదురింటి చూరు కింద నిలబడ్డాం. తడుస్తున్న గోడలోంచి ఒక్కొక్క అక్షరమే నీలంగా పైకి రావడం మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు.