కింద మోటారున్న ఫ్రిజ్

మా ఆయన ఉన్నన్నాళ్లూ నాకు అక్షరాలతో పని పడలేదు. బస్సు బోర్డు, మందుల చీటీ, కరెంటు బిల్లు, అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయాక, యాభై మూడో ఏట, మహిళా సంఘం గదిలో పలక పట్టాను. రాయడం వచ్చి ఏడాది దాటినా ఈ సంగతి రాయబుద్ధి కాలేదు.

తాండూరులో రాయి పాలిష్ మిషన్ల నడుమ మాది చిన్న మెస్. మధ్యాహ్నం కూలీలకు జొన్నరొట్టె, పప్పు, కోడికూర పెట్టేదాన్ని. ఆయన ఇరవై ఏళ్లు పాలిష్ మిషన్ మీద పనిచేసి, దగ్గు ముదిరి మానేశాడు. అప్పటి నుంచి మెస్ ముందర కుర్చీ వేసుకుని టోకెన్లు ఇచ్చేవాడు. ఇంట్లో వాడే ఫ్రిజ్ చాలక ఆ ఎండాకాలం రెండుసార్లు కోడిమాంసం వాసన వచ్చి పారబోశాను. మూడోసారి అలా అయితే తినడానికి ఎవరూ రారు. అందుకే పెద్ద ఫ్రిజ్ చూడటానికి ఇద్దరం వికారాబాద్ వెళ్లాం.

ముందు ఆయన్ను ఛాతీ డాక్టరుకు చూపించాం. లోపలికి పోయిన రాయి పొడి ఇక బయటికి రాదనీ, ఇకనైనా దుమ్ముకు దూరంగా ఉండాలనీ చెప్పాడు. మా ఆయన తలూపి, "ఫ్రిజ్‌ల దుకాణం ఏ దిక్కు సార్?" అని అడిగాడు.

పాత ఫ్రిజ్‌లు బాగుచేసి అమ్మే దుకాణం అది. అద్దం తలుపు, లోపల దీపం ఉన్న ఫ్రిజ్ దగ్గర ఆయన ఆగిపోయాడు.

"గిది వెడ్తే మన మెస్ పెద్ద హోటల్ లెక్క అవుపడ్తదే."

నాకూ నచ్చింది. ఏది ఎక్కడుందో తలుపు తీయకుండానే కనబడుతుంది.

దుకాణం ముసలాయన, "మీ మెస్ ఏడ అక్కా?" అన్నాడు.

"తాండూర్ల. పాలిష్ మిషన్ల కాడ."

ముసలాయన వంగి ఆ ఫ్రిజ్ కింది జాలీ ఊడదీశాడు. "అయితే గిది వద్దు. దీని మోటార్ కింద ఉంటది, నేల మీది గాలి గుంజుకుంటది. రాయి దుమ్ము లోపల వట్టుకుంటే ఆర్నెల్లకు కాలిపోతది. మోటార్ మీదున్నది తీస్కోండ్రి. దాన్ని సుత లోపలి అర్రల వెట్టుండ్రి."

"ఆర్నెల్లేనా భాయ్?" మా ఆయన నవ్వాడు. "నేను గా దుమ్మే ఇరవై ఏండ్లు గుంజిన. మిషన్ కన్న నేనే గట్టోన్ని."

ముసలాయన నవ్వలేదు. నవ్వుతూనే మా ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఫ్రిజ్‌కు చెయ్యి ఆనించి, వంగి, చాలాసేపు దగ్గాడు. ముసలాయన నీళ్లు తెచ్చిచ్చాడు. నేను ఊడదీసిన ఆ జాలీ వైపే చూస్తూ నిలబడ్డాను.

మోటారు పైనున్న స్టీలు ఫ్రిజ్ తీసుకున్నాం. దాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని మేమూ అందులోనే తిరిగొచ్చాం. దారంతా ఆయన దాన్ని ఎలా చూసుకోవాలో చెబుతూనే ఉన్నాడు. మెస్ వెనక సామాన్ల అర్రలోంచి బియ్యం బస్తాలు తీసేయాలి, కిటికీకి గోనెపట్టా కట్టాలి, తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పే మనిషి రేపు మళ్లీ ముందర ఆ దుమ్ములో, ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. ఇరవై ఏళ్లు ఆయన బనియన్లకు అంటిన పొడిని దులిపి దులిపి ఉతికాను. అది లోపలికి కూడా పోతుందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

మర్నాడు పొద్దున, ఆయన చాయ్ తాగడానికి పోయినప్పుడు, బియ్యం బస్తాలు బయటికి లాగేశాను. కిటికీకి పట్టా కట్టాను. ఇద్దరు కూలీలను పిలిచి ఫ్రిజ్‌ను ముందర, ఆయన కుర్చీ ఉండే చోట పెట్టించాను. ఇంటి నుంచి మంచం తెప్పించి అర్రలో వేశాను.

ఆయన వచ్చి చూశాడు. "ఏందే, నన్ను లోపల వెట్టి దాన్ని బయట వెట్టినవా? కరాబైతది గాదా?"

"కరాబైతే ఇంకోటి తెస్త," అన్నాను. "నువ్వు లోపలికి నడువు."

వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరికి వేసి పొయ్యి ముట్టించాను. రొట్టెలు కాలుస్తున్నంతసేపూ తలుపు వెనక నుంచి దగ్గు వినబడుతూనే ఉంది.