నిమ్మ అంటే నువ్వు

మా టీచరమ్మ పోయారన్న కబురు పాల్వంచలో షిఫ్టు దిగి బస్సెక్కబోతుంటే తెలిసింది. మొన్ననే భద్రాచలం దవాఖానాలో ఆమె మంచం పక్కన కూర్చుని వచ్చాను. బస్సు వెళ్ళిపోయింది, నేను అక్కడే నిలబడిపోయాను.

మాది అడవి అంచున కోయ పల్లె. ఆమెదీ మా మాటే. ఒకటో తరగతిలో గోడ మీది పండు బొమ్మ చూపి, "ఇది నిమ్మ" అన్నారు. మేమంతా ఒకరి మీదికొకరం వేళ్ళు చాపాం. కోయలో నిమ్మ అంటే నువ్వు. ఇంకో టీచరైతే బెత్తం అందుకునేవారు. తానే ఆ సంగతి మరిచినందుకు ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, "మీరు చెప్పింది గూడ రైటే. గిప్పుడు తెలుగుల ఏందో నేర్సుకుందాం" అన్నారు. నాకు తెలుగు వచ్చింది ఆమె వల్లే. కోయ మాట్లాడటం నామోషీ కాదని తెలిసిందీ ఆమె వల్లే.

ఆమెకు చాదస్తం ఎక్కువ. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా లేకపోతే పాఠం మొదలయ్యేది కాదు. రిటైరయ్యాక ఆ చాదస్తమంతా ఫోన్ మీద పడింది. అడిగినదానికి జవాబు చెప్పే ఏఐ అందులో ఉందని నేనే చూపించాను. తెలుగులో అడిగితే చక్కగా చెప్పింది. కోయలో "నువ్వెవరు" అని అడిగితే, నిమ్మరసం ఒంటికి మంచిదంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. "నేర్వనోళ్ళది కాదు తప్పు, నేర్పనోళ్ళది" అనడం ఆమెకు అలవాటు. మర్నాటి నుంచి ఫోన్‌కి కోయ పాఠం మొదలుపెట్టారు.

అది అట్లా నేర్వదని, ఎంతోమంది గొంతులు పోగుచేసి నేర్పాలని, డబ్బున్న దేశాలు తమ మాటలకు ఆ పని ముందే చేసుకున్నాయని చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు.

"ఆ దేశాల పిల్ల నోరు తెరిచి అడిగితే చాలు. మన పిల్ల ముందుగాల పరాయి మాట నేర్వాలె, ఆ తర్వాత అడగాలె. బడి అందరిదంటరు గని, మనల బయటనే కూసోబెట్టిన్రు."

ఆ తర్వాత పక్షవాతం వచ్చింది. ఏళ్ళ తరబడి చెప్పిన తెలుగంతా ఆమె నోట్లోంచి పోయి, కోయ మాత్రం ముక్కలుముక్కలుగా మిగిలింది. మొన్న నేను వెళ్ళేసరికి కొత్త నర్సమ్మ, ఆమె మాటకు అర్థం ఏఐని అడగడానికి తన ఫోన్ ఆమె నోటి దగ్గర పట్టి ఉంది. "పొద్దటిసంది వచ్చినోళ్ళనల్ల నిమ్మకాయ అడుగుతున్నదన్నా. ఇద్దామంటే డాక్టర్ సారు వద్దన్నడు" అని బాధపడింది. తప్పు ఆ పిల్లది కాదు.

టీచరమ్మ నన్ను చూసి, వేలు కొంచెం పైకి లేపి నా వైపు చాపారు.

"నిమ్మ" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. అవ్ టీచరమ్మా, నేనే అని కోయలో చెప్పాను. ఆమె వేలు దించి కళ్ళు మూసుకున్నారు. నేను బయల్దేరేటప్పుడు కూడా, డాక్టర్ ఒప్పుకుంటే ఇద్దామని నర్సమ్మ తెచ్చిపెట్టిన నిమ్మకాయ మంచం పక్క స్టూలు మీద అట్లాగే ఉంది.