ఎవరింటికీ కాని ప్రయాణం

మా వైపు ప్రయాణమంటే చుట్టాలింటికి వెళ్లడమే. ఆస్పత్రి పని మీద వెళ్లినా, గుంటూరు యార్డుకి మిరపకాయలు తోలినా, రాత్రికి ఎవరో ఒకరింట్లో దిగాలి. దిగకపోతే అలక. ఊళ్లోకి వచ్చి కూడా గడప తొక్కకుండా పోయారని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అలాంటిది, పెళ్లయిన మూడో ఏడు వేసవిలో, ఎవరి గడపా తొక్కకుండా సముద్రమూ దీవులూ చూసి రావాలని నేను పట్టుబట్టాను. రెండువేల సంవత్సరం, మే నెల.

మా పుట్టిల్లు తుళ్లూరు వైపు. అప్పటికి అక్కడ పత్తి చేలు తప్ప ఏమీ లేవు. అత్తగారి ఊరు పర్చూరు పక్కన. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం కాదు, పొద్దున బస్సెక్కితే ఎండ ముదిరేలోగా చేరొచ్చు. అయినా మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. మిరప కోతలూ, కళ్లమూ, అమ్మకాలూ అయ్యేసరికి ఏప్రిల్ దాటిపోతుంది. తొలకరి పడితే మళ్లీ పత్తి గింజలు నాటడం. మధ్యలో మనుషులకు మిగిలేది మే నెల ఒక్కటే. దాన్ని కూడా పెళ్లి భోజనాలకే ఖర్చు పెట్టేస్తాం.

చుట్టాలు వద్దని నేను అంత మొండికెయ్యడానికి కారణముంది. అంతకు ముందటేడు మాఘమాసంలో, కోతలు జోరుగా సాగుతుండగా, నాకు మూడో నెలలో గర్భం పోయింది. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. చిలకలూరిపేట ఆస్పత్రి నుంచి జీపులో తిరిగొస్తుంటే మా ఆయన డ్రైవరుతో, గుంటలున్నాయి మెల్లగా పోనివ్వమన్నారు. ఆ రోజు ఆయన నోట నేను విన్న మాట అదొక్కటే. మర్నాడు చేలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏడాది పైన గడిచినా దాని ఊసెత్తలేదు. అత్తయ్య, మామయ్య, మరిది, వచ్చీపోయే కూలీలు, ఇంటి నిండా మనుషులు. మేమిద్దరం మాట్లాడుకుంటే పురుగు మందుల గురించి, గోతాల గురించి. ఆయనకు అసలు బాధ అనిపించిందో లేదో నాకు తెలియదు. ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్లు ఇచ్చిన చేత్తోనే "విశేషమేమన్నా ఉందా?" అని అడుగుతారు. ఆ మాటకు నవ్వి నవ్వి నాకు దవడలు నొప్పి పుట్టాయి. ఆయనతో నాలుగు రోజులు ఎవరూ లేని చోట ఉంటే తేలిపోతుందనుకున్నాను, ఆ బాధ ఇద్దరిదా, నా ఒక్కదానిదేనా అని.

సముద్రం మాట ఎత్తగానే అత్తయ్య వేళ్లు మడిచి లెక్క చెప్పింది. చీరాలలో ఆయన మేనత్త, బాపట్లలో మా పెదమామగారి కూతురు, రేపల్లెలో ఒకరు, అవనిగడ్డలో ఒకరు. ఎవరింటికీ వెళ్లబోమని ఆయన నాకు ముందే మాటిచ్చారు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా బయల్దేరే పూట అత్తయ్య నాలుగు పొట్లాలు కుక్కిన సంచీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. తాలు లేకుండా ఏరిన ఎండుమిరపకాయలు.

"చేతులూపుకుంటా పోతారంట్రా? ఇంటికో పొట్లం ఇవ్వండి."

ఆయన సంచీ అందుకున్నారు. వాళ్లమ్మకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. బస్సులో ఆ సంచీ పక్కన కూర్చున్నవాళ్లంతా తుమ్మడం మొదలుపెడితే కండక్టరు దాన్ని టాపు మీదకి ఎక్కించాడు. నాకు కూడా టాపెక్కి కూర్చోవాలనిపించింది.

వాడరేవులో సముద్రం మొదటిసారి చూశాను. పెద్దగా ఉంది. అంతకంటే చెప్పడానికి అప్పుడు నాకేమీ తోచలేదు. మోకాళ్ల దాకా దిగి చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడితే, కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే భయమూ నవ్వూ రెండూ వచ్చాయి. ఆయన ప్యాంటు మడిచి నా వెనకే నిలబడ్డారు. తాటిముంజెలు కొనుక్కుని తిన్నాం. ఆ పూట బాగానే గడిచింది. సాయంత్రం చీరాలలో లాడ్జికి చేరేసరికి మేనత్తగారి అబ్బాయి మోపెడ్ మీద సిద్ధంగా ఉన్నాడు. అత్తయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేసింది. లాడ్జిలో దిగడమేంటని ఆ అబ్బాయికి నిజంగానే కోపం వచ్చింది.

మేనత్తగారు మామిడికాయ పప్పు, చేపల పులుసు చేసి పెట్టారు. మారు అన్నం వడ్డిస్తూ అడగనే అడిగారు, విశేషమేమన్నా ఉందా అని. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల ఎత్తకుండా, ఇంకాస్త పులుసు వెయ్యమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాం. పొద్దున్నే ఒక పొట్లం అక్కడ ఇచ్చేసి పాసింజరు ఎక్కాక నేను గట్టిగానే చెప్పాను, ఇంకో గడప తొక్కితే నేను ఇటే తుళ్లూరు వెళ్లిపోతానని. సరేనన్నారు. ఆయన ఏం చెప్పినా అంతే, ఒక్క మాటలో తేల్చేస్తారు.

బాపట్లలో దిగి, మా పెదమామగారి కూతురి వీధి తప్పించుకుని, సూర్యలంక వెళ్లాం. అక్కడ ఎండకు నా ముక్కు తోలు ఊడింది. గది కుళాయిలో ఉప్పునీళ్లు, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నాకు అదంతా నచ్చింది. మర్నాడు రేపల్లె మీదుగా పెనుమూడి రేవుకు వెళ్లాం. అప్పటికి అక్కడ కృష్ణ మీద వారధి లేదు, పడవలో అటువైపు దాటాలి. అవనిగడ్డలో కూడా చుట్టాలకు చిక్కకుండా లాడ్జిలో దిగాం. రెండు రోజులుగా మేమిద్దరమే. అయినా ఆయన బస్సు వేళల గురించి తప్ప మాట్లాడలేదు. నేను కూడా నోరు విప్పలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనన్న బెరుకు.

నది సముద్రంలో కలిసేచోట దీవులున్నాయని, ఎదురుమొండి అని ఒకటుందని లాడ్జిలో ఎవరో చెప్పారు. అక్కడ మనవాళ్లెవరూ లేరు కదా అని ఆయన్ని రెండుసార్లు అడిగాను. లేరన్నారు. పొద్దున బయల్దేరే ముందు సంచీ విప్పి చూస్తే కాయలన్నీ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. సముద్రపు గాలి చెమ్మ. మెత్తబడిన కాయను అలాగే ఉంచితే బూజు పడుతుంది. పారెయ్యడానికి ఇద్దరికీ చేతులు రావు. ఎక్కడైనా కాసేపు ఎండలో పొయ్యొచ్చని సంచీ వెంట తీసుకెళ్లాం. దీవులు చూడ్డానికి మిరపకాయలు మోసుకెళ్లింది బహుశా మేమిద్దరమే అయ్యుంటాం.

నాగాయలంక దాటి ఏటిమొగ దగ్గర పడవెక్కాం. ఎక్కగానే అడిగారు, ఎవరింటికి అని. ఎవరింటికీ కాదు, ఊరికే చూడ్డానికి అన్నాం. పడవలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ నా మెడలో పుస్తెలు, కాళ్ల మెట్టెలు పరీక్షగా చూసింది. లేచిపోయి వచ్చినవాళ్లమనుకున్నట్టున్నారు.

దీవిలో దిగి ఇసుక దారిలో నడిచాం. ఒక పక్క మడచెట్లు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. ఎండ మాత్రం మా కళ్లం ఎండలాగే ఉంది. నాలుగిళ్లు దాటాక ఒక తాటాకుల ఇంటి ముందు పాత వలలు పరిచి చేపలు ఎండబోశారు. ఆ పక్కనే ఖాళీ జాగా, దాని మీద పరిచిన ఒక టార్పాలిన్ పట్టా. అది చూడగానే నా చేతులు ఊరుకోలేదు. ఇంట్లోకి కేకేసి అడగాలన్న ఇంగితం కూడా లేకుండా పొట్లాలు విప్పి కుమ్మరించేశాను. ఆయన చెప్పులు విడిచి, కళ్లంలో తిరగేసినట్టు కాళ్లతో కాయల్ని పలచగా నెరపడం మొదలుపెట్టారు. పని దగ్గర మా ఇద్దరికీ మాటలు అక్కర్లేదు.

ఇంట్లోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చి నిలబడిపోయింది. ఎవరో ముక్కూ మొహం తెలియని జంట తన వాకిట్లో చేపల పక్కన మిరపకాయలు ఆరబోస్తున్నారు. కాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఇక్కడ గాలంతా ఉప్పేననీ, కాయ ఆరినట్టే ఆరి పొద్దు వాలేసరికి మళ్లీ చెమ్మ పీలుస్తుందనీ చెప్పింది. చాప వేసి కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. ఎవరింటికి వచ్చారని ఆవిడ కూడా అడిగింది. ఎవరింటికీ కాదంటే నమ్మలేదు. పైగా చేపలు వేయిస్తాను, తిని వెళ్లమంది. గడప తొక్కనని శపథం పట్టినదాన్ని, వాకిలి మొత్తం ఆక్రమించి కూర్చున్నాను.

వేయించిన చేపలు పెడుతూ ఆవిడ ఆయన్నే అడిగింది, పిల్లలెంతమంది అని. నేను అలవాటు ప్రకారం నవ్వడానికి సిద్ధపడ్డాను. ఆయన ఇంకో ముక్క వెయ్యమంటారని కూడా అనుకున్నాను.

"ఒకరు పోయారు పిన్నీ, కడుపులోనే," అన్నారు ఆయన. "ఉండుంటే ఈపాటికి పాకుతా ఉండాల."

ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, ఆ ముక్క తినమంది, అంతే. పాకే వయసు. ఆ లెక్క నేను ప్రతి నెలా వేసుకునేదాన్ని. ఈ నెలకు బోర్లా పడేది, ఈ నెలకు కూర్చునేది అని. ఆయన కూడా వేస్తున్నారని నాకు తెలియదు.

మిరపకాయలు మూడు పొట్లాలవీ ఆవిడకే ఇచ్చేశాం. మరీ అంత తీసుకోనని గొడవపడి, చివరికి బదులుగా ఎండు చేపలు కట్టి ఇచ్చింది. ఎండ తిరిగాక పడవెక్కాం. పొద్దున మమ్మల్ని పరీక్ష చేసినావిడే మళ్లీ ఎదురుగా కూర్చుంది. నేను ఎవరున్నారని చూడకుండా అడిగాను, ఇన్నాళ్లూ నాతో ఒక్కమాటైనా ఎందుకు అనలేదని.

"ఇంట్లో ఎక్కడ అనను?" అన్నారు. "నువ్వు నవ్వేదానివిగా అందరి దగ్గరా. మర్చిపోయావనుకున్నా. ఎందుకు గుర్తు చెయ్యడం అని."

అప్పుడు ఏడ్చాను. పడవలోనే, అందరి ముందే. ఎదురుగా ఉన్నావిడ తన అనుమానం నిజమేనన్నట్టు పక్కావిడను మోచేత్తో పొడిచింది. ఆయన నా పక్కకు జరిగి కూర్చున్నారు. ఎండు చేపల మూట మా ఇద్దరి ఒళ్లో సగం సగం ఉంది.

ఒడ్డు దగ్గరపడుతుండగా కళ్లు తుడుచుకుని ఇంకొకటి అడిగాను. ఎవరనుకున్నారు, మగపిల్లాడా, ఆడపిల్లా?

"ఆడపిల్ల," అన్నారు, ఆలోచించుకోకుండా.

నేనూ ఆడపిల్లనే అనుకున్నాను.